మహాక్షోభము

జంషెడ్‌పూరునందలి మా బిర్సానగరములో చిరునామా అడిగినవానికి వీధి పేరు చెప్పు ఆచారము లేదు. "మూడో జోను", "ఆరో జోను" అని ఒక సంఖ్య చెప్పి, తక్కినది వెదకుకొమ్మని విడిచిపెట్టుదురు. బిర్సా ముండా పేర వెలసి, టెల్కో కాలనీ పొరుగున జోనులుగా విభజింపబడియున్న యీ పేటయందు అంకెలకు కొదవ లేదు గనుక, కొలతల పాఠము ఇచ్చటి పిల్లలకు నల్లేరుమీద బండి నడక యగునని, శ్రీకాకుళము జిల్లానుండి వచ్చి ఒక చిన్న బడిలో సైన్సు మాస్టరుగా కుదురుకొన్న తొలి దినములలో నేను భ్రమపడితిని. ఆ భ్రమను తొలగించిన పుణ్యము ఒక బల్లకును, ఒక కర్రకును చెందును.

కర్ర యనగా మా బడికి గల ఏకైక మీటరు బద్ద. శూన్యప్రదేశమున కాంతి ఒక సెకనులో 29,97,92,458వ వంతు కాలమునందు పయనించు దూరమే మీటరని 1983లో ప్రపంచము నిర్ణయించుకొన్నది గాని, ఆ నిర్ణయము మా బద్దవరకు రాలేదు. నాకు ముందు దానిని చేపట్టినవారు కొలుచుటకంటె కొట్టుటకే హెచ్చుగా వినియోగించిరి. ఆ సంప్రదాయమును నేనును భంగపరుపలేదని ఒప్పుకొనక తప్పదు. నాలుగు హస్తములు ఒక దండమని మన పూర్వులు మానము నేర్పరచిరి గదా! కొలుచు దండమునకును దండించు దండమునకును ఒకే పేరు పెట్టిన ఆ మహానుభావులు మా బడిని ఎన్నడో దర్శించియుందురు. తత్ఫలితముగా బద్ద మొదలు అరిగిపోయి, 1 అను అంకె అంతర్ధానమై, గణన 2తోనే ఆరంభమగుచుండెను.

ఒకనాడు తరగతిలోని బల్లను కొలువుడంటిని. నలుబదిమందియు, మీటరు నిండినచోట బద్దను కొన మార్చి త్రిప్పి పెట్టి, నూట ఇరువదిమూడు సెంటీమీటర్ల ఒక మిల్లీమీటరని ఏకకంఠముగా పలికిరి. శాస్త్రమునందు ఇట్టి ఏకాభిప్రాయము దుర్లభమని నేను పొంగిపోవుచుండగా, ముందు వరుసలోని యొక బాలిక లేచి, "సర్, స్కేలు అరిగిపోయింది కదా? అందరం ఒకే తప్పు చేసినట్టున్నాం" అనెను. ఉపకరణదోషమును గూర్చి నేను మరునాడు చెప్పదలచిన పాఠమంతయు ఆ పిల్ల రెండు వాక్యములలో ముగించినది. నేను గంభీరముగా తల పంకించి, "ఒక సెంటీమీటరు తీసివేయుడు, నూట ఇరువదిరెండు పాయింటు ఒకటి" అని తీర్పు చెప్పితిని. అంతటితో ఊరకుండక, బల్ల చేసిన వడ్రంగి దానిని నిక్కచ్చిగా నాలుగడుగులని చెప్పియుండుటయు, నాలుగడుగులనగా 121.9 సెంటీమీటర్లే యగుటయు జ్ఞాపకము చేసికొని, పాత కొలతలను నమ్ముకొన్న పనివానికి రెండు మిల్లీమీటర్ల పొరపాటు సహజమని ఒక ఉపన్యాసము కూడ దంచితిని. ఆ వడ్రంగి ఆ బాలికకు తాత యని నాకు తరువాత తెలిసెను.

పాత కొలతలన్నచో జ్ఞప్తికి వచ్చినది. మీ మీ ఇండ్లలో వాడు కొలమానములను వ్రాసి తెండని పిల్లలకు పని పెట్టితిని. 1956 నాటి చట్టము ననుసరించి 1958 అక్టోబరు 1 నుండి ఈ దేశమున కిలోగ్రాము అమలునకు వచ్చినది గాని, మా పేటలోని వంటయిండ్లకు ఆ వర్తమానము నేటికిని పూర్తిగా చేరినట్లు లేదు. తెలుగు బామ్మలు సోలలు, తవ్వలు, మానికలు వ్రాయించిరి. సంతాలీ పిల్లలు సంతలో బియ్యము కొలుచు పైలాను బొమ్మ వేసి తెచ్చిరి. పనివారి బిడ్డలు అంగుళమునకు ఎనిమిది సూతులనిరి. స్థలము కొన్న ఇంటివారు డిసిమిలనిరి. ఎకరములో నూరవ వంతు గనుక అదొక్కటే దశాంశపద్ధతికి దూరపు చుట్టము. ఒక కుర్రవాడు మాత్రము లేచి, "పుస్తకంలో తులానికి 11.66 గ్రాములుంది, మా అమ్మ గొలుసుకి పదే వేశారు. మిగతా 1.66 ఏమైంది సర్?" అని యడిగెను. అది భౌతికశాస్త్ర పరిధిలోనిది కాదని చెప్పి కూర్చుండబెట్టితిని.

ఇంక ఘాతాంకముల సంగతి. పెద్ద సంఖ్యను పదియొక్క ఘాతముగా వ్రాయుట ఎంతో సుఖమని నేను బోధింప, పిల్లలు సుఖమును గ్రహించి ఋణచిహ్నమును విడిచిపెట్టిరి. వెండ్రుక మందము సుమారు 7×10⁻⁵ మీటర్లని వ్రాయవలసినచోట ఒకడు 7×10⁵ అని వ్రాసెను. "చిన్న గీతే కదా సర్!" అన్నాడు. ఏడువందల కిలోమీటర్ల మందముగల ఆ వెండ్రుక యొక అంచు వాని ఇంటి గుమ్మమున నుంచినచో రెండవ అంచు విశాఖపట్టణమును దాటి పోవునని నేను విశదపరుపగా, వాడు తల తడుముకొని, "అమ్మమ్మ ఊరు మధ్యలోనే ఉంటాది సర్!" అని సంతోషించెను. మరియొకడు కిరాణా దుకాణమునకు పోయి 2.5×10² గ్రాముల కందిపప్పు నడిగెనట. దుకాణదారు, "పావ్ కిలో బోల్ నా రే!" అని కసరి, పొట్లము కట్టి, "ఏ మాస్టరు చెప్పేది?" అని నా పేరు వాకబు చేసెనట. నేను అప్పటినుండి పప్పు వేరొక అంగడిలో కొనుచున్నాను.

పెద్ద సంఖ్యలు పాశ్చాత్యులు తెచ్చిపెట్టిన బెడద యని ఎవరైన నిష్ఠురమాడిన యెడల నేనొప్పను. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున ఏకము మొదలుకొని ఇరువదినాలుగు స్థానములకు పేర్లు చెప్పెను. ఆ గ్రంథమును తెనిగించిన పావులూరి మల్లన సాక్షాత్తు మనవాడు. ఆచార్యుని పట్టికయందు కట్టకడపటి స్థానము పేరు మహాక్షోభము. ఏకము 10⁰ గనుక మహాక్షోభము సరిగా 10²³ అగును. అవొగాడ్రో సంఖ్యయో, 6.022×10²³! కావున పండ్రెండు గ్రాముల కర్బనమునందు ఆరు మహాక్షోభములకు పైచిల్లర పరమాణువులు గలవని ఉత్సాహముతో చెప్పితిని. క్షోభమనగా నేమని అడిగిరి. పరీక్షాపత్రము చేతికి వచ్చినప్పుడు కడుపులో కలుగునది యంటిని. "అయితే మాకు లెక్క తెలుసు సర్" అని వెనుక బల్లనుండి వినబడెను.

ఈ విధముగా ఆరు నెలలు గడచినపిమ్మట, వెండ్రుక కుర్రవాని తండ్రి, కంపెనీలో టర్నరు, 'ఎ' షిఫ్టు దిగి నేరుగా బడికి వచ్చెను. "ఏటి మాస్టారూ, మా గుంటడు ఇంట్లో అన్నీ పది మీద పది అంటన్నాడు, మార్కులనుకున్నాం" అనుచు మీటరు బద్దను చేతికి తీసికొనెను. మిల్లీమీటరులో నూరవ వంతును మైక్రోమీటరుతో పట్టు ఆ మనిషి దానిని రోగిని చూచినట్లు చూచి, జేబులోని ఆరంగుళముల ఉక్కు స్కేలు తీసి, 2వ గీతనుండి అరిగిన అంచువరకు ఆనించి, "ఎనిమిది మిల్లీమీటర్లే ఉంది. అంటే పోయింది సెంటీమీటరు కాదు మాస్టారూ, పన్నెండు మిల్లీమీటర్లు" అనెను.

నూట ఇరువదిమూడు పాయింటు ఒకటిలోనుండి ఒకటి పాయింటు రెండు. తరగతి యంతయు నాకంటె ముందుగా తీసివేసినది. ముందు వరుసలోని బాలిక నెమ్మదిగా లేచి, "అయితే మా తాత కరెక్టే కదా సర్?" అనెను.

నేను నల్లబల్లవైపు తిరిగి, బల్ల పొడవు 1.219×10⁰ మీటర్లని పెద్ద అక్షరములతో వ్రాసితిని. పదిమీద ఆ సున్న యెందులకని ఎవరో అడుగబోవునంతలో, నా అదృష్టవశమున, గంట కొట్టిరి.