ఆత్మీయ పదోన్నతులు

ఇటు మైలవరము మీదుగా వచ్చినను, అటు పెనుబల్లి దాటి వచ్చినను, తిరువూరు పొలిమేర చేరిన బాటసారికి మొదట స్వాగతమిచ్చునవి ఉజ్జీవసభల ఫ్లెక్సీలు. వానిని అడుగున నుండు ప్రింటరు ఫోను నంబరు వరకు చదువుట నాకొక వ్యసనము. నడుమ మైకు చేతబూనిన వర్తమానికుని నిలువెత్తు రూపము, ప్రక్కన ఆయన సతీమణి, క్రింద వలయములలో బిగించిన స్థానిక కాపరుల శిరస్సులు, ప్రభువు వంతునకు మూలనొక చిన్న శిలువ. ఆత్మీయ ఎదుగుదలకు గల మెట్లన్నియు మూడే దినములలో ఎక్కింపబడునని పైన బంగారు రంగు అక్షరములు!

మెట్ల లెక్క నిన్నటిది కాదు. ఏడవ శతాబ్దమున సీనాయి మఠాధిపతి యోహాను క్లిమకస్ ముప్పది మెట్ల నిచ్చెన వేసెను. 1577లో అవిలా తెరేసా ఆత్మను ఏడు అంతర్గృహముల కోటగా వర్ణించెను. 1981లో జేమ్స్ ఫౌలర్ అను అమెరికా ఆచార్యుడు విశ్వాసమునకు ఆరు దశలు నిర్ణయించెను. అయితే సీనాయి మఠమున నేటికిని ఉన్న పన్నెండవ శతాబ్దపు చిత్రములో, ఆ నిచ్చెన నెక్కుచున్న సన్న్యాసులను నల్లని దయ్యములు క్రిందికి లాగుచుండును. మనవారి నిచ్చెనపై దయ్యములకు చోటు లేదు, జారిపడువాడును లేడు.

ఉన్నదెల్ల పదోన్నతియే. శిశువు, యౌవనుడు, తండ్రి అని యోహాను పత్రిక చెప్పిన దశలు ఇచ్చట బ్రదర్, పాస్టర్, రెవరెండ్, బిషప్, అపొస్తలుడు అని రూపాంతరము చెందినవి. ప్రార్థనామందిరపు బోర్డుపై నిరుడు 'పాస్టర్' అని యున్నచోట ఈయేడు 'రెవ. డా.' అని స్టిక్కరు అంటించగా, ఎండకు దాని అంచు లేచి పాత పదవి తొంగిచూచుచుండుట మీరును గమనించియే యుందురు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడైన దోర్నకల్ అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పదవి నొందిన మొదటి భారతీయుడు. నేడు ఆ పదవికి ఊదారంగు చొక్కాయు రశీదు పుస్తకమును చాలును. ఎన్నో సంఘములకు మూలపురుషుడైన భక్తసింగు 2000లో కన్నుమూయువరకు సహోదరుడు గానే పిలువబడెను గనుక, పాపము, ఈ పట్టిక ప్రకారము మొదటి మెట్టుననే ఆగిపోయెను.

పౌలు కొరింథువారిని పసిబిడ్డలని ఏల మందలించెను? వారికి భాషలు రాకనా, జ్ఞానము కొఱవడియా? అవి వారి యొద్ద దండిగనే యుండెను. బోధకుల పేర పార్టీలు కట్టి, అసూయతో కలహించుకొనుటయే వారి శైశవము. ఒకే వీధిలో ఎదురెదురు మందిరములు మైకు శబ్దము పెంచుకొని పోటీపడు ఆదివారమున ఆయన మన యూరికి వచ్చినచో ఏ మెట్టు చూపునో ఊహింపుడు. అంతకన్న వింత ఆయన తన్నుగూర్చి వ్రాసుకొన్నది: కొరింథువారికి తాను అపొస్తలులలో తక్కువవాడు, ఎఫెసువారికి పరిశుద్ధులందరిలో అత్యల్పుడు, ముదిమిలో తిమోతికి పాపులలో మొదటివాడు. సేవ ముదిరినకొలది మెట్లు దిగుచు వచ్చిన ఈ మనుష్యునికి ఫ్లెక్సీ వేయవలసివచ్చిన నిర్వాహకుల అవస్థ తలచుకొనిన జాలి కలుగును.

మామిడితోటల నడుమ పుట్టి పెరిగిన తిరువూరు వారికి పండుట యననేమో ఒకరు బోధింపనక్కరలేదు. గడ్డిలో మాగవేసిన బంగినపల్లికిని, కార్బైడు పొట్లము దూర్చిన కాయకును రంగులో తేడా కానరాదు. కోసి నోట వేసుకొన్నపుడు గాని గుట్టు తెలియదు. కార్బైడును ప్రభుత్వము నిషేధించినది. మూడు దినముల సభల జోలికి పోలేదు.

కావున నిర్వాహకులకు నాదొక మనవి. సభాంతమున ధ్రువపత్రము లిచ్చుట తప్పనిసరి యైనచో, వానిపై సంతకము వర్తమానికునిది కాక, ఆ విశ్వాసి ఇంటి కోడలిది, అతని తోటలో కాయ కోసిన కూలీది, ఖాతా వ్రాసికొను కిరాణాకొట్టు శెట్టిగారిది ఉండునట్లు నియమింపుడు. ఇందువలన సభకు జనము పలుచబడుదురని మీరు జంకనక్కరలేదు. జనమెట్లున్నను, మొదట ఆగిపోవునది వర్తమానికుని పత్రమేయని నా యనుమానము.