ఎకరం వంద కోట్ల పచ్చిక

2006లో వచ్చిన 86వ నంబరు జీవో పుణ్యమా అని హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే ఎంత స్థలంలో ఎంత కట్టొచ్చో చెప్పే లెక్క, ఎగిరిపోయింది. ముందు రోడ్డు వెడల్పుగా ఉండి, చుట్టూ కాస్త జాగా వదిలి, నాలుగు ఎన్‌ఓసీలు తెచ్చుకుంటే చాలు, ముంబయి బిల్డరు కుళ్లుకునేలా అంతస్తు మీద అంతస్తు వేసుకోవచ్చు. కోకాపేట నియోపొలిస్‌లో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షల దాకా పలికింది. అంత పోసి కొన్నవాడు ఐదంతస్తులు కట్టి ఊరుకుంటే ఇంట్లోవాళ్లు అన్నం పెట్టరు.

కాబట్టి యాభై దాటాల్సిందే. పైకెళ్లేకొద్దీ చదరపు అడుగుకింత చొప్పున రేటు పెరుగుతుంది. దాని పేరు ఫ్లోర్ రైజ్. తూర్పు ముఖానికి వేరే, మూల ఫ్లాటుకి వేరే, గండిపేట చెరువు కనిపిస్తే వేరే. 1908 మూసీ వరదల తర్వాత ఊరు మునగకూడదని, తాగడానికి నీళ్లుండాలని నిజాం కట్టించిన చెరువది. చూసినందుకు కూడా వసూలు చేయొచ్చని పాపం ఆయనకు తట్టలేదు. ఎండాకాలం వస్తే ఆ చుట్టుపక్కల చాలా గేటెడ్ కమ్యూనిటీలకు నీళ్లొచ్చేది ట్యాంకర్లలో. ఆ బిల్లు మెయింటెనెన్సులో కలుస్తుంది లెండి.

ఒకసారి ఏదైనా సైట్ ఆఫీసుకి వెళ్లండి. ఏసీ గదిలో అద్దాల పెట్టె, అందులో బల్బులు వెలిగే బుల్లి టవర్లు, చెరువనుకోమని ఒక నీలం అద్దం ముక్క. కుర్రాడు లేజర్ లైటు కొట్టి, "43 అయిపోయింది సార్, 44లో ఒక్కటే ఉంది, అదీ ఈ సాయంత్రం దాకానే" అంటాడు. టవర్‌కీ చెరువుకీ మధ్య ఏముందో చూడండి. పచ్చిక. కుక్కని తిప్పుతున్న ప్లాస్టిక్ దంపతులు. అది పక్క కంపెనీవాడి స్థలం! రోడ్డు దాటి వాడి ఆఫీసుకెళితే అక్కడా అదే పెట్టె, అదే చెరువు. మీ టవర్ ఉండాల్సిన చోట పచ్చిక.

హద్దు లేని జీవో ఇద్దరికీ ఒకటే. వాడి టవర్ లేచిన రోజున మీ లేక్ వ్యూ కాస్తా ఎదుటి యుటిలిటీ బాల్కనీలో ఆరేసిన లుంగీ వ్యూ అవుతుంది. చెరువు కనిపిస్తుందని కట్టిన డబ్బు తిరిగివ్వమని అడిగే షరతు అగ్రిమెంటులో వెతక్కండి.

చెక్కు రాసేముందు, బిల్డర్ల మీద కన్నేసే ప్రభుత్వ సంస్థ రెరా సైటులో మీ బిల్డరుతోపాటు పక్కవాడి ప్రాజెక్టు కూడా కొట్టి, ఎన్ని అంతస్తులకు అనుమతి తెచ్చుకున్నాడో చూడండి. రెరా నంబరే లేకుండా ప్రీలాంచ్ ఆఫర్ అంటే అది 2016 నాటి రెరా చట్టానికి విరుద్ధం. 44వ అంతస్తు సంగతి దేవుడెరుగు, ఆ ఆఫీసు మెట్లు కూడా ఎక్కకండి.