సొంతూరి కాటా

సంక్రాంతి కబడ్డీలో మా జట్టు ఇంతవరకూ ఓడింది లేదు. బంగారుపాళ్యంలో ఏ టీ అంగడి ముందైనా నిలబడి ఈ మాట గట్టిగా చెప్పుకోగలను. విజిలు మా మేనమామ నోట్లో ఉంటుందన్నది మాత్రం వేరే చెప్పను. సున్నంతో గీత గీసేది మేము, పక్కూరి పిల్లోడి కాలు దాన్ని దాటిందా లేదా అని తేల్చేది మామ. "దాటిందిరా, నేను చూసినా" అంటాడు. ఆయనకు రెండు కళ్లలోనూ శుక్లాలు.

అందుకే స్వెన్ ఓట్కే అనే జర్మనీ బాక్సరంటే నాకు మా జట్టు మనిషన్నంత అభిమానం. 1997లో ప్రొఫెషనల్‌గా దిగి 2004లో గ్లవ్స్ విప్పేశాడు. ఆడినవి 34, గెలిచినవి 34. 1998లో డ్యూసెల్‌డార్ఫ్‌లో చార్లెస్ బ్రూవర్ మీద సూపర్ మిడిల్‌వెయిట్ ప్రపంచ టైటిల్ గెలిచి, దాన్ని 21 సార్లు నిలబెట్టుకున్నాడు. ఎక్కడెక్కడ అంటారా? మాగ్డెబర్గ్, కార్ల్స్‌రూహె, న్యూరెంబర్గ్, లైప్‌జిగ్. ప్రపంచ ఛాంపియన్ అంటే ప్రపంచమే టికెట్ కొనుక్కుని ఆయన గుమ్మం దగ్గరికి రావాల. అదే కాలంలో వేల్స్‌లో జో కాల్జాగి అని ఇంకో ఛాంపియన్ ఉన్నాడు, అదే బరువు, ఆయనా ఓటమి ఎరగడు. ఇద్దరూ ఒక్కసారి కూడా తలపడలేదు. మధ్యలో సముద్రం ఉంది కదా పాపం.

ఓట్కేకి ఆట రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మూడు ఒలింపిక్స్ ఆడిన మనిషి. 1999లో ఆయన చేతిలో ఓడిన గ్లెన్ జాన్సనే 2004లో అమెరికా బాక్సరు రాయ్ జోన్స్‌ను మట్టి కరిపించాడు. దెబ్బ తగలకుండా పక్కకు జరగడం, అడుగు వెనక్కేసి రెండు తేలిక దెబ్బలు అంటించి రావడం ఓట్కేకి బాగా తెలుసు. అది చిన్న విద్యేం కాదు. చిక్కల్లా ఎక్కడంటే, 34లో నాకౌట్లు 6. దాదాపు తక్కినవన్నీ జడ్జీల కాగితం మీద తేలినవే. నాకౌట్‌కు సాక్షి అక్కర్లేదు, మనిషి పడిపోతే శుక్లాల మామకైనా కనబడుతుంది. తప్పించుకున్న దెబ్బకు మాత్రం చప్పుడుండదు. అది తగల్లేదని ఎవరో ఒకరు చూడాల, చూసి రాయాల. సొంతూరి బాక్సరు చేయి అవతలివాడి గ్లవ్‌కు రాసుకున్నా హాలంతా లేచి అరుస్తుంది. అవతలివాడిది డొక్కలో దిగినా నిశ్శబ్దమే.

మామిడి కాయ దింపినోళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తోతాపురి లోడు నాది, కాటా మండీ వాళ్లది. కాడలుంటాయంటారు, రసం కారుతుందంటారు, టన్నుకింతని తరుగు కొట్టేస్తారు. ఏ మండీ అని అడగొద్దు, వచ్చే సీజన్‌కూ అక్కడే దింపాల.

2003 డిసెంబర్ 13న న్యూరెంబర్గ్‌లో ఇంగ్లండ్ బాక్సరు రాబిన్ రీడ్ కూడా ఇట్లాగే లోడు తెచ్చాడు. ఆయన దెబ్బకు ఓట్కే కింద పడ్డాడు. రిఫరీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పైగా హెచ్చరికల మీద హెచ్చరికలు రీడ్‌కే. చివరికి ముగ్గురు జడ్జీలూ ఓట్కేకే రాశారు. తమాషా ఏమిటంటే ఆ రిఫరీ జర్మన్ కాదు, బెల్జియం ఆయన. లంచమని నేననడం లేదు. పెళ్లికి పోయి, సాంబారులో ఉప్పు తగ్గిందని పెళ్లికూతురి నాయన మొహం మీద ఎవరంటారప్పా?

క్రికెట్‌కు ఈ రోగం ముందే అర్థమైంది. 1986లో పాకిస్తాన్, వెస్టిండీస్ లాహోర్ టెస్టుకు మన హైదరాబాద్ వి.కె. రామస్వామిని, పీలూ రిపోర్టర్‌ను అంపైర్లుగా పిలిపించుకున్నారు. పాకిస్తాన్ ఇంట్లో భారత్ అంపైర్లు!

2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల సెమీఫైనల్లో మన బాక్సరు సరితా దేవి కొరియా అమ్మాయి పార్క్ జినా చేతిలో ఓడినట్టు తేల్చినప్పుడు దేశమంతా రగిలిపోయింది. ఆమె ఏడుస్తూ తన కాంస్య పతకాన్ని పార్క్ చేతిలోనే పెట్టేసింది. ఆ రాత్రి టీవీ ముందు అందరికన్నా గట్టిగా "అన్యాయం!" అని అరిచింది ఎవరనుకున్నారు? మా మామే.

అదే కొరియాలో అంతకుముందు, 1988 సియోల్ ఒలింపిక్స్‌లో, రాయ్ జోన్స్ 86 దెబ్బలు తగిలించాడు, తిన్నది 32. తీర్పు 3-2తో కొరియాకు చెందిన పార్క్ సిహున్‌కు పోయింది. ఆ పార్కే 2023లో అమెరికా వెళ్లి, పెన్సకోలాలో జోన్స్‌ను కలిసి, ఆ బంగారు పతకం ఆయన చేతిలో పెట్టి వచ్చాడు.

మా కబడ్డీ కప్పు మాత్రం ఇంకా మామ ఇంట్లో, టీవీ పక్కనే ఉంది.