చిల్లు పడ్డచోట పాట పెట్టండి
(కొత్త సినిమా రచయితలకు ఉచిత సలహాలు)

ఫైలు చంకన పెట్టుకుని ఫిల్మ్‌నగర్ మెట్లెక్కుతున్న కొత్త రచయితలూ! నెరేషన్ మధ్యలో ఎవరైనా “కథ బాగుంది గానీ, లాజిక్కే...” అని నసిగితే బెదిరిపోకండి. ఈ చిట్కాలు పాటించారంటే తర్కం మీ కథ ఛాయలకు కూడా రాదు.

1. హీరో చేసే పనికి కారణం రాయకండి. ‘శివ’ (1989)లో నాగార్జున సైకిల్ చైన్ లాగితే హాళ్లు ఊగిపోయాయి. ఉత్త చేతులకు చైన్ తెగుతుందా అని అడిగినవాడు లేడు. కనుక మీరూ తెంపించండి. అంతకుముందు కాలేజీలో జేడీ అనే రౌడీ ఆగడాలూ, ఓర్చుకుని ఓర్చుకుని హీరోలో పేరుకున్న కోపమూ ఫుటేజ్ దండగ. మొదటి షాట్‌లోనే చైన్ చేతికివ్వండి. ఎవణ్ని కొట్టాలో, ఎందుకు కొట్టాలో షూటింగ్‌లో చూసుకోవచ్చు.

2. జనం నవ్వితే డోసు పెంచండి. బి.గోపాల్ దర్శకత్వంలో బాలకృష్ణ చేసిన ‘సమరసింహారెడ్డి’ (1999)ని జనం నెత్తిన పెట్టుకున్నారు. అదే జోడీ 2003లో ‘పలనాటి బ్రహ్మనాయుడు’ తీసి, హీరో తొడగొడితే రైలు వెనక్కి వెళ్లినట్టు చూపిస్తే అదే జనం నవ్వారు. మొదటి సినిమాలో హీరో తన చేతుల్లో పొరపాటున చనిపోయినవాడి కుటుంబానికి అండగా నిలుస్తాడు, ఆ బరువు ఉంది కాబట్టే తర్వాత ఏం చేసినా నమ్మారు అని కొందరు మేధావులంటారు. నమ్మకండి. అక్కడ జరిగిన తప్పల్లా ఒక్క రైలే పెట్టడం. మీరు జంక్షన్ పెట్టండి.

3. మాయకు నియమం పెట్టకండి. ‘మాయాబజార్’ (1957) వాళ్లు ఇక్కడే ఇరుక్కున్నారు. ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎవరికి ఏది ఇష్టమో అదే కనబడాలని ఒక షరతు పెట్టుకుని, దానికి కట్టుబడి చచ్చారు. ‘ఈగ’ (2012)లోనూ ఇదే చాదస్తం. ఈగ పగబట్టిందంటే ఒప్పుకున్న జనం, మాట్లాడిందంటే ఒప్పుకోరా? అయినా దాని చేత ఒక్క మాటైనా అనిపించకుండా, చెప్పాల్సింది రాసి చూపించేలా చేశారు. మంచి గొంతున్న డబ్బింగ్ ఆర్టిస్టును పెట్టుకుంటే ఇంత శ్రమ ఉండేదా?

4. విలన్ బుర్రను ఇంటర్వెల్ దగ్గర వదిలేయండి. ఫస్టాఫ్‌లో ఊరిని గడగడలాడించినవాడు, సెకండాఫ్‌లో హీరో వేరే పేరు చెప్పుకుని తన ఇంట్లోనే దిగినా గుర్తుపట్టకూడదు. ఒక బకరా, నాలుగు అబద్ధాలు ఉంటే క్లైమాక్స్ దాకా బండి లాగొచ్చు. ‘ఢీ’ (2007), ‘రెడీ’ (2008) ఆడాయి కదా! వాటిలో అబద్ధాన్ని కప్పిపుచ్చడానికి మరో అబద్ధం ఎలా పుట్టుకొచ్చిందో గమనించే పని పెట్టుకోకండి. అది కామెడీ రాసేవాళ్ల బాధ.

5. ఆధారాల జోలికి వెళ్లకండి. ‘దృశ్యం’ (2014)లో వెంకటేశ్ వేసిన కేబుల్ ఆపరేటర్ పాత్రను చూడండి. బస్సు టికెట్లు, హోటల్ బిల్లులు దాచడం, కనబడినవాళ్లకల్లా ఆ తేదీ గుర్తుండేలా చేయడం... ఒక్క ఫైట్ పెట్టి పోలీస్ స్టేషన్ పగలగొడితే పోయేదానికి ఎంత ప్రయాస!

6. అమ్మాయిని ఏమీ అడగకండి. వారం రోజులు వెంటపడి సతాయించినవాణ్ని ఎనిమిదో రోజు ఆమె ప్రేమించాలి. చీదరింపు నుంచి ప్రేమకు ఎలా వచ్చిందంటే, స్విట్జర్లాండ్ మీదుగా వచ్చింది. ఒకే పాటలో మూడు చీరలు మారాక కూడా మనసు మారలేదంటే నమ్మేదెవరు? రైలు గురించి తగువులాడే విమర్శకులు ఈ చిల్లు దగ్గర మాత్రం పెద్దగా ఆగరు. నిశ్చింతగా వాడుకోండి.

7. విడుదలయ్యాక ప్రెస్‌మీట్ పెట్టి, “లాజిక్ వెతక్కండి, మ్యాజిక్ చూడండి” అనండి. మ్యాజిక్ ఏదని అడిగితే “సినిమాటిక్ లిబర్టీ తీసుకున్నాం” అనండి. అయినా రెండో రోజుకే హాలు ఖాళీ అయితే దానికి చిట్కా లేదు. టికెట్ కొనాలా వద్దా అన్న విషయంలో ప్రేక్షకుడు ఏ లిబర్టీ తీసుకోడు.