ఒక కుందేటి దవడ పన్ను ఆత్మకథ

కుందేటి నోట్లో 28 పళ్లుంటాయి. ముందువి 6, దవడవి 22. పై ముందు పళ్ల వెనకాల మరో చిన్న జత నక్కి ఉంటుంది. ఎలుకలకూ ఉడుతలకూ ఆ జత లేదు. ఇలాంటి తేడాలు చూసే 1912లో కుందేళ్లను ఎలుకల వర్గంలోంచి తీసి వేరే వర్గంగా లెక్కకట్టారు. కోరపళ్లు ఉండాల్సిన చోట చిగురు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ దాటాక కింది దవడలో ఎడమవైపు మొదట వచ్చేదే ఈ కథలోని పన్ను.

ఆత్మకథ అన్నాక ‘నేను’ అనాలి గానీ, ఈ పన్నుకు ఆ హక్కు పెద్దగా లేదు. కుందేటి పన్ను ఎప్పుడూ ఒకే పన్ను కాదు. దాని వేరు ఎప్పటికీ మూసుకుపోదు. దవడ ఎముకలో అడుగునున్న కణాలు జంతువు బతికున్నన్నాళ్లూ కొత్త పన్నును తయారుచేస్తూనే ఉంటాయి, పైభాగం అరిగిపోతూనే ఉంటుంది. ముందు పళ్లు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి, దవడ పళ్లు నెలకు సుమారు 3. నిరుడు మేత నమిలిన భాగం ఈ ఏడు మిగలదు. పెరుగుదలా అరుగుదలా సరితూగినంతకాలం అక్కడ ఒక పన్ను ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. పన్ను బతుకులో మంచి రోజులంటే అవే.

అరగదీసే పని గడ్డిది. గడ్డిపోచలో పీచుతో పాటు సిలికా కూడా ఉంటుంది. కుందేలు దాన్ని ముందు పళ్లతో తుంచి, నాలుకతో వెనక్కి నెట్టి, కింది దవడను పక్కలకు తిప్పుతూ నిమిషానికి వందసార్లకు పైగా నూరుతుంది. తుంచడం వరకే ముందు పళ్ల పని, నూరుడంతా వెనకవాటిదే. అయినా ఫోటోల్లో పడేవీ, పిల్లలు బొమ్మల్లో గీసేవీ ఆ రెండు ముందు పళ్లే. ఈ విషయంలో వెనకున్న 22 పళ్లదీ ఒకే అభిప్రాయం. అది రాయదగ్గది కాదు.

ఈ పన్ను ఉన్న కుందేలు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెరిగింది. దుకాణంవాడు చెప్పిన మేత రంగురంగుల గింజల మిక్స్, క్యారెట్. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ బిస్కెట్టూ అరటిపండూ చేర్చారు. క్యారెట్‌కూ కుందేలుకూ ముడిపెట్టిన ఘనత చాలావరకు 1940లో తెరకెక్కిన బగ్స్ బన్నీది. ఆ కార్టూన్ కుందేలు క్యారెట్ నమిలే తీరుకు మూలం 1934 నాటి సినిమాలో క్లార్క్ గేబుల్. ఎక్కడో హాలీవుడ్‌లో హీరో కొరికిన క్యారెట్టు బాకీ హైదరాబాద్‌లో ఒక దవడ నెత్తిన పడింది. దుంపలో తీపి ఎక్కువ, నమలాల్సిన పీచు తక్కువ. గింజలూ గుళికలూ నాలుగు నొక్కులకే పిండైపోతాయి. దవడ పైకీ కిందికీ ఆడుతుంది తప్ప పక్కలకు తిరగదు, పన్ను అరగదు. ఆ రోజుల్లోనే అపార్ట్‌మెంట్ గేటు పక్కన గరిక గుబురుగా మొలిచేది. వాచ్‌మన్ దాన్ని కలుపని పీకి పారేసేవాడు.

మిక్స్‌తో వచ్చే చిక్కు ఇంకొకటుంది. కుందేలు అందులోంచి రుచిగా ఉన్నవి ఏరుకుని, కాల్షియం కలిపిన గుళికలను గిన్నె అడుగునే వదిలేస్తుంది. అలా అయితే ఎముక బలహీనపడి పన్ను పట్టు సడలుతుందని బ్రిటన్‌లో పెంపుడు కుందేళ్లను పరిశీలించిన పశువైద్యురాలు ఫ్రాన్సెస్ హార్‌కోర్ట్-బ్రౌన్ ఎత్తిచూపారు. కారణం ఎప్పుడూ మేతే అనలేం. ముఖం పొట్టిగా ఉండే మరుగుజ్జు జాతుల్లో పుట్టుకతోనే పళ్లు ఎదురెదురుగా కుదరవు. పంజరం ఊచలు లాగీ లాగీ ముందు పళ్లు వంకరపోయే కుందేళ్లూ ఉన్నాయి.

అరగని పన్ను ముందు పొడవవుతుంది, తర్వాత వంగుతుంది. కింది పళ్ల అంచు నాలుకవైపు, పై పళ్ల అంచు బుగ్గవైపు ముళ్లుగా తేలుతుంది. ఎదురుపన్ను అడ్డుపడి పైకి దారి లేకపోతే పెరుగుదల కిందికి మళ్లుతుంది. వేరుభాగం దవడ ఎముకను తోసుకుపోతుంది. గడ్డం కింద వేలితో తడిమితే తగిలే గట్టి బుడిపెలు అవే. పై పళ్ల వేళ్లు కన్నీటి నాళాన్ని నొక్కితే కంటి వెంట అదేపనిగా నీరు కారుతుంది. ఆ సందుల్లో సూక్ష్మక్రిములు చేరితే చీముగడ్డ లేస్తుంది. నోరు తెరిచి చూసినవారికి కనిపించేది ముల్లు మాత్రమే. అసలు జబ్బు చిగురు కింద ఉంటుంది.

ఆ ఇంట్లో గుర్తులు కనపడలేదని కాదు. కుందేలు గిన్నె దగ్గరికి ఆత్రంగా పరుగెత్తేది, ఒక గుళిక నోట పెట్టుకునేది, తల విదిలించి వదిలేసేది. గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసి అట్టకట్టింది. ముఖం తుడుచుకుని తుడుచుకుని ముందు కాళ్ల లోపలివైపు బొచ్చు కూడా అలాగే అయింది. పెంటికలు చిన్నవై, రోజురోజుకూ తగ్గాయి. “నాన్నా, దీనికి ఆకలేస్తోంది, కానీ తినట్లేదు” అని చిన్నమ్మాయి చెప్పింది. “ఎండలకమ్మా, అదే సర్దుకుంటుందిలే” అని ఆయన తేల్చేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఆ మాట మీదే వారాలు గడిచాయి. వేటకు గురయ్యే జంతువు నొప్పిని వీలైనంతవరకు దాచుకుంటుంది. కళ్లు సగం మూయడం, బుగ్గలు చదునుగా బిగియడం, చెవుల తీరు మారడం లాంటి గుర్తులతో నొప్పిని కొలిచే పద్ధతిని పరిశోధకులు 2012లో ప్రకటించారు. అంత శాస్త్రం అక్కర్లేదు. వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచినా దొరికిపోయేది.

మొదట తీసుకెళ్లిన క్లినిక్‌లో ముందు పళ్లు మాత్రమే చూసి, గోళ్లు తీసే కత్తెరతో కత్తిరించి పంపారు. అలా కత్తిరిస్తే పన్ను నిలువుగా చీలవచ్చు, ఆ పగులు వేరుదాకా పోవచ్చు. సన్నటి బర్రుతో, అంటే గిర్రున తిరిగే దంత పనిముట్టుతో, అరగదీయడమే సరైన పద్ధతి. ఆ పూట దవడ పళ్ల వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు. ఈ పన్నుకు మనుషుల మీద ఉన్న కోపాల్లో పెద్దది ఇదే.

రెండో డాక్టర్ ముందు బరువు చూశాడు, తర్వాత దవడ కింద తడిమాడు. చెవి చూసే పరికరాన్ని నోటి పక్క నుంచి పెట్టి చూశాడు. “పైపైన చూస్తే సగమే తెలుస్తుందండీ. మత్తిచ్చి ఎక్స్‌రే తీస్తే గానీ ఏ పన్ను నిలుస్తుందో చెప్పలేను” అన్నాడు. చికిత్స ఏదో తేలేది ఇక్కడే. వేళ్లు బాగుండి అంచులు మాత్రమే ముళ్లు కడితే అరగదీసి, నొప్పిమందిచ్చి, మేత మారిస్తే చాలా కుందేళ్లు మళ్లీ గడ్డి నములుతాయి. వేళ్లు వంకరపోతే అరగదీత ఉపశమనమే, నయం కాదు. కొన్ని వారాలకోసారి మత్తు, అరగదీత, మళ్లీ మత్తు. సీటీ స్కాన్ ఉన్నచోట వేళ్ల స్థితి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

మత్తంటే ఇంట్లోవాళ్లు భయపడ్డారు. ఆ భయం ఉత్తది కాదు. 2008లో అచ్చయిన బ్రిటిష్ పరిశీలనలో మత్తు వల్ల, ఆ వెంటనే చనిపోయిన కుందేళ్లు 1.39 శాతం, కుక్కలు 0.17 శాతం. జబ్బుతో చిక్కిన కుందేలుకు ముప్పు ఇంకా ఎక్కువ. అలాగని వాయిదా వేస్తే ఆ చిక్కడమే పెరుగుతుంది. డాక్టర్ రెండు రోజులు సిరంజీతో మేతపొడి జావ పట్టించి, నొప్పి తగ్గించి, ఆ తర్వాతే మత్తుకు తెమ్మన్నాడు. కుక్కకు చెప్పినట్టు ముందురాత్రి పస్తు ఉంచమని చెప్పలేదు. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి ఆ అవసరం లేదు, పైగా పేగు కదలిక ఆగితే అదే ప్రాణం మీదికొస్తుంది. సగం రోజు ఏమీ తినకపోయినా, పెంటికలు పడకపోయినా అత్యవసరమే.

ఇంట్లో మిగిలిపోయిన పిల్లల అమాక్సిసిలిన్ సిరప్ ఇవ్వచ్చా అని తల్లి అడిగింది. “వద్దమ్మా, నోటి ద్వారా అది కుందేలుకు విషం” అన్నాడు డాక్టర్. ఆ మందూ, క్లిండామైసిన్ లాంటివీ పేగుల్లోని మేలుచేసే బ్యాక్టీరియాను చంపుతాయి, ఆ ఖాళీలో చెడ్డవి పెరిగి విషం చేస్తాయి. చీముగడ్డ సంగతీ మనుషులు అనుకున్నట్టుండదు. కుందేటి చీము కారదు, ముద్దగా గడ్డకడుతుంది. కోసి పిండితే పోదు. గడ్డను గోడతో సహా తీసి, కారణమైన పన్నును పీకి, గాయాన్ని తెరిచే ఉంచి రోజూ కడగాలి. నెలల పని, ఖర్చుతో కూడిన పని. ఇంట్లో రోజూ జావ పట్టించి మందు వేసే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి లేరని నిజాయితీగా ఒప్పుకోవడం కూడా నిర్ణయంలో భాగమే.

పళ్లు పీకితే ఎలా తింటుందన్నది అందరూ అడిగేదే. ముందు పళ్లు ఆరూ తీసేసినా కుందేలు పెదవులతో తరిగిన ఆకు అందుకుని, దవడ పళ్లతో నమిలి మామూలుగా బతుకుతుంది. దవడ పళ్లు తీయడం కష్టం. పన్ను పొడవు, వంపు, ఎముక బలహీనత కలిసి దవడే విరగవచ్చు. పలుచోట్ల చీము, విరిగిన ఎముక, మందిచ్చినా తినని స్థితి ఉంటే నొప్పి లేకుండా ప్రాణం పోనివ్వడాన్ని డాక్టరే ప్రస్తావించాలి. చాలామంది ప్రస్తావించరు. ఆ మాట ముందే చెబితే ఇంట్లోవాళ్లకు ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

ఎక్స్‌రేలో ఒకవైపు ఒకటే పన్ను అడుగు చెడి, దాని చుట్టూ ఎముక మసకబారి కనిపించింది. మిగతావి అరగదీస్తే సరిపోతాయి. పీకాల్సింది ఈ ఆత్మకథ ఎవరిదో ఆ పన్నునే. వాదించడానికి దానికీ ఏమీ మిగల్లేదు. చుట్టూ సన్నటి పనిముట్టుతో పట్టు వదిలించి, ఊపి, లాగారు. అడుగున కణాలు కాస్త మిగిలినా మళ్లీ మొలుస్తుంది కాబట్టి ఆ గుంతను గీకి శుభ్రం చేశారు. బయటికొచ్చాక తెలిసింది, చిగురు పైన కనిపించినదానికంటే లోపలున్నదే చాలా ఎక్కువని. ఎవరో దాన్ని వెలుతురులో ఒకసారి తిప్పి చూశారు. అంత శ్రద్ధ దానికి బతికుండగా దక్కలేదు. ఆనక గాజుగుడ్డతో పాటు పసుపు సంచిలో పడేశారు. 2016 నాటి వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం జంతు కణజాలానికి కేటాయించిన రంగు అది. సంచి గమ్యం కొలిమి. గరిక నమలాల్సిన పన్నుకు ఆఖరికి దక్కింది గాజుగుడ్డ.

కుందేలు ఆ రాత్రే తరిగిన కొత్తిమీర తింది. నొప్పిమందు ఇంకొన్ని రోజులు నడిచింది. మేతలో మిక్స్ మానేసి, పురుగుమందు తగలని గరికా, ఎండుగడ్డీ ఎప్పుడూ అందేలా పెట్టారు. అల్ఫాల్ఫా (లూసర్న్) పెద్ద కుందేలుకు రోజువారీ మేత కాదని డాక్టర్ చెప్పాడు, అందులో కాల్షియం మోతాదుకు మించి ఉంటుంది. ఇక మిగిలింది పైనున్న పళ్లు. కింద ఎదురుపన్ను లేనిచోట వాటిని అరగదీసేవారు లేరు. అందుకే కుందేలును కొన్ని వారాలకోసారి చూపించాలి, అవసరమైతే అక్కడ బర్రు పెట్టాలి. ఈ మధ్యలో తూకం తగ్గితే గడువు దాకా ఆగకుండా తీసుకెళ్లాలి.