పశువును తాకకుండా పశువైద్య పట్టా

ఇంటర్ బైపీసీ అయిపోయి పశువైద్యం చదువుదామనుకునే పిల్లలంటే నాకు ప్రాణం. వాళ్లు కష్టపడటం చూడలేను. కోర్సు ఐదున్నరేళ్లు: నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంతకాలంలో ఒక్కసారి కూడా చొక్కాకి పేడ అంటకుండా బయటపడవచ్చు. కాస్త ముందుచూపు ఉంటే చాలు. నేను తొందరపడకుండా ఎనిమిదేళ్లు తీసుకున్నాను. కింద రాసినవన్నీ నేను చేసి, ఫలితం చూసినవి.

1. ఏ కోర్సులో చేరుతున్నారో కనుక్కోకండి. బీవీఎస్సీ అండ్ ఏహెచ్, డెయిరీ టెక్నాలజీలో బీటెక్, ఫిషరీస్, రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా, మామూలు డిగ్రీలో జువాలజీ, అన్నిట్లోనూ ఉండేది జంతువులే. సీటు ఎక్కడొస్తే అక్కడ చేరిపోండి. పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చో లేదో చివరి ఏడాది అడగొచ్చు. 1984 నాటి చట్టం ప్రకారం గుర్తింపు ఉన్న పట్టా, కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉంటేనే పశువైద్యం చేయనిస్తారు. చేరబోయే కాలేజీకి ఆ గుర్తింపు ఉందో లేదో చూడటానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు పడుకోండి.

2. చుట్టాలకు చెప్పాల్సిన మాట ముందే కంఠతా పట్టండి. "ఎంబీబీఎస్ కొంచెంలో పోయింది అత్తా, అందుకని ఇందులో చేరా." ఈ ఒక్క మాటతో ఐదేళ్లు గడిచిపోతాయి. మార్కులు తగ్గినా, సప్లీలు పడినా, ఇష్టంలేని చదువు కదా పాపం అని వాళ్లే సర్దిచెబుతారు. జాతీయ కోటా కింద 15 శాతం సీట్లు నీట్ ర్యాంకుతో వెటర్నరీ కౌన్సిల్ భర్తీ చేస్తుంది. దానికి దరఖాస్తు చేయకండి. పొరపాటున సీటొస్తే ఈ మాట చెల్లదు.

3. కౌన్సెలింగ్‌లో కాలేజీని ఊరు చూసి ఎంచుకోండి. తిరుపతి అయితే నెలకో చుట్టం దర్శనానికొచ్చి మీ గదిలో దిగుతాడు. గన్నవరానికి విజయవాడ సినిమాహాళ్లు దగ్గర. రాజేంద్రనగర్ అయితే హైదరాబాద్ అంతా మీదే. కోరుట్ల, గరివిడి లాంటి చోట్ల చుట్టూ పల్లెలు. రైతులు కేసులు తోలుకొస్తుంటారు, చదువుకోక తప్పదు. ఏ కాలేజీ ఆస్పత్రికి రోజుకు ఎన్ని పశువులొస్తాయో సీనియర్లను అడగండి. తక్కువ వచ్చేచోట చేరండి.

4. మొదటి ఏడాది అనాటమీ. ఫార్మలిన్‌లో ఉంచిన కళేబరం, ఎముకల పెట్టె, కళ్లలో నీళ్లు. మొదటిరోజే కళ్లు తిరిగి పడిపోండి. ఒకసారి పడితే ఆ ఏడాదంతా మిమ్మల్ని వెనక వరసలోనే నిలబెడతారు. నెమరువేసే పశువు పొట్టకు నాలుగు గదులున్నాయని తెలిస్తే చాలు. ఏది ఎటువైపుంటుందో ఛాయిస్‌లో వదిలేయండి. కడుపుబ్బరం వచ్చిన పశువుకు ఎడమ డొక్కలో ట్రోకార్ గుచ్చి గాలి తీయాల్సిన రోజు వస్తుందంటారు. అది తర్వాతి సంగతి.

5. హాజరు 75 శాతం కావాలి. అంటే 25 శాతం మీ హక్కు. దాన్ని తెల్లవారుజామున పాలు పితికే క్లాసులకు, ఫారం డ్యూటీలకు కేటాయించండి. నాన్నమ్మ చావును ఒక్కసారే వాడాలి. జ్వరం ఎన్నిసార్లయినా వాడొచ్చు. "బ్రుసెల్లోసిస్ అనుమానం సార్" అనే సాకు ఈ కోర్సువాళ్లకే దొరికిన వరం. పశువుల నుంచి మనుషులకు అంటే జబ్బు, జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. ఏ సారూ గట్టిగా అడగలేడు. ఫారం గడప తొక్కనివాడికి అది ఎలా అంటిందో ఎవరూ లెక్క వేయరు.

6. మంచి స్నేహితుణ్ణి చూసుకోండి. ఇది అన్నిటికంటే ముఖ్యం, కాబట్టి వివరంగా చెబుతాను. మా బ్యాచ్‌లో గొర్రెలు కాసే ఇంటి నుంచి వచ్చిన కుర్రాడొకడు ఉండేవాడు. చూడి పరీక్ష ప్రాక్టికల్ రోజు ట్రెవిస్ చట్రంలో ఆవును నిలబెట్టారు. భుజం దాకా ప్లాస్టిక్ గ్లౌజు తొడుక్కుని, సబ్బునీళ్లు రాసుకుని, ముందు పేడంతా తీసి, వాడు నెమ్మదిగా చెయ్యి లోపలికి పోనిచ్చాడు. చెంప ఆవు తొంటికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆవు ఒకసారి తల తిప్పి చూసి మళ్లీ మేతలో పడింది. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. ఒక్కసారిగా వాడి ముఖం విచ్చుకుంది. "సార్, జారింది సార్! పొర వేళ్ల మధ్యనుంచి జారింది!" అన్నాడు. సార్ వాడి భుజం తట్టాడు. వాడి చొక్కా వీపుదాకా పేడ.

నేను ఆ రోజు కుడిచేతికి కట్టు కట్టుకుని వెళ్లాను. నోట్‌బుక్ మాత్రం విప్పాను. వాడు చెప్పింది రాసుకున్నాను. సాయంత్రం వాడికి మసాలా దోశ పెట్టించాను. నాలుగేళ్లపాటు నా రికార్డులన్నీ వాడి రికార్డులే. ఇలాంటివాడు ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు. మొదటి నెలలోనే పట్టుకోండి. దోశ ఖర్చుకు వెనకాడకండి.

7. వాడు సెలవు పెట్టిన రోజు ఏం చేయాలి? ప్రతి ఆవుకూ "కుడి కొమ్ము, మూడు నెలలు" అని రాయండి. ఆవుల్లో గర్భం గర్భసంచి కుడి కొమ్ములోనే ఎక్కువగా నిలుస్తుంది కాబట్టి సగానికి పైగా కలిసొస్తుంది. నేను అలా రాసిన ఆవొకటి ఏడాదైనా ఈనలేదు. చూడిదని నమ్మి దాన్ని మళ్లీ ఎదకు చూడలేదు. నన్నెవరూ అడగలేదు.

8. మేపు, జన్యుశాస్త్రం, పరాన్నజీవులు, ఫార్మకాలజీ: గైడు, పాత ప్రశ్నపత్రాలు, పరీక్షకు ముందు రెండు రాత్రులు.

9. కృత్రిమ గర్భధారణ. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోంచి స్ట్రా తీయాలి, 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచాలి, పొద్దున ఎదకొస్తే సాయంత్రం వేయాలి, సాయంత్రం వస్తే మర్నాడు పొద్దున వేయాలి అని పుస్తకంలో రాశారు. గేదెల్లో మూగఎద ఉంటుంది కాబట్టి రోజూ కనిపెట్టి చూడమంటారు. ఇంత హైరానా వద్దు. మీకు ఖాళీ దొరికినప్పుడు వెళ్లండి. నీళ్లు వేడో చల్లనో చూడక్కర్లేదు. కట్టకపోతే 21 రోజులకు మళ్లీ ఎదకొస్తుంది. ఆ 21 రోజుల మేపు ఖర్చు రైతుది.

10. ఇంటర్న్‌షిప్ అంటే విశ్రాంతి సంవత్సరం. లాగ్‌బుక్ నింపడానికి ఒక ఆదివారం చాలు. రెండు మూడు రంగుల పెన్నులు వాడండి, వేర్వేరు రోజుల్లో రాసినట్టుంటుంది. గాలికుంటు టీకాల క్యాంపుకు పంపితే జీపులో ముందు సీటు పట్టండి. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఐస్ పెట్టె మీ కాళ్ల దగ్గరుంటే ఇరుకు. తీసి వెనక ఎండలో పెట్టించండి. ఎండకు చెడిన మందు కూడా సీసాలో అలాగే కనబడుతుంది. సూది వేశాక పశువు అలాగే నడిచిపోతుంది. జబ్బొచ్చేది తర్వాతెప్పుడో. అప్పటికి మీరు వేరే క్యాంపులో ఉంటారు.

11. పల్లెకు వెళ్లినప్పుడు ముసలమ్మల మాట వినకండి. ఒకావిడ నా ముందే దూడకు ముర్రుపాలు పట్టిస్తూ, "గంటలోపల పట్టకపోతే దూడ నిలవదు బాబూ" అంది. అది పుస్తకంలోనూ ఉందట. నేను చదవలేదు కాబట్టి, "మాయ పడిందాకా పట్టకూడదమ్మా" అని గట్టిగా చెప్పాను. డాక్టరుగారు చెప్పారని ఆవిడ గిన్నె పక్కన పెట్టేసింది. గట్టిగా చెబితే ఎవరైనా వింటారు. ఈ కోర్సులో నేర్చుకోవాల్సింది ఇదొక్కటే.

12. ఇంటి నుంచి వచ్చే ఫోన్లకు ముందుగానే సిద్ధపడండి. పట్టా చేతికొచ్చాక ఏదో ఒక రాత్రి నాన్న ఫోన్ చేస్తారు. మా ఇంట్లో గేదె ఈనిన రెండోరోజు అది జరిగింది. "చెవులు చల్లబడ్డాయిరా. మెడ డొక్కమీదకు తిప్పుకుని పడుకుంది. లేపితే లేవడంలేదు" అన్నారు. అది పాలజ్వరమని, నరంలోకి నెమ్మదిగా కాల్షియం ఎక్కిస్తే చాలావరకు అప్పటికప్పుడే లేచి నిలబడుతుందని ఆ గొర్రెల కుర్రాడు తర్వాత చెప్పాడు. ఆ పాఠం నేను ఛాయిస్‌లో వదిలేశాను. నాలుగేళ్లు నా ఫీజు కట్టింది ఆ గేదె పాలమీదేనని నాన్న అంటుండేవారు. తెలియదని ఒప్పుకుంటే పరువుపోతుంది. "పొద్దున చూద్దాం నాన్నా, కాస్త బెల్లంనీళ్లు పట్టించండి" అనండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. పశువుల అంబులెన్సు నంబరు 1962కు చేయమని కూడా చెప్పకండి. కొడుకు డాక్టరై ఉండి అంబులెన్సు పిలిచారని ఊళ్లో అనుకుంటారు. పొద్దున్నే పన్నెండు మిస్డ్ కాల్స్ ఉంటే "సిగ్నల్ లేదు" అనండి.

నాన్న ఆ తర్వాత నన్నేమీ అడగలేదు. మళ్లీ గేదెను కొనలేదు. పాక ఖాళీగా ఉంది. పండక్కి వెళ్లినప్పుడు నా బండి అందులో పెట్టుకుంటున్నాను. సీటుకు ఎండ తగలదు.