డీడీ సూత్రము – టీకా తాత్పర్య సహితము

అవతారిక: పెన్‌డ్రైవుతో ఉబుంటు ఎక్కింపగోరిన నాయకుడు అర్ధరాత్రి టెర్మినల్ తెరచి పలికినది.

మూలము: సుడో డీడీ ఐఎఫ్=ఉబుంటు.ఐఎస్ఓ ఓఎఫ్=/డెవ్/ఎస్‌డీబీ బీఎస్=4ఎం

ప్రతిపదార్థము: సుడో = రూట్ అధికారమును పూని; డీడీ = అయ్యా డీడీ! (1974 నాటి యూనిక్స్‌లోనే ఉన్నవాడు గనుక 'ఓరీ' అనరాదు); ఐఎఫ్=ఉబుంటు.ఐఎస్ఓ = ఈ ఫైలునుండి; ఓఎఫ్=/డెవ్/ఎస్‌డీబీ = రెండవదిగా పట్టుబడిన డిస్కులోనికి; బీఎస్=4ఎం = 4 ఎంబీల ముద్దలుగా; దింపుడు అని అధ్యాహారము.

తాత్పర్యము: పెన్‌డ్రైవులోని పెళ్ళి ఫొటోలు పోయి ఉబుంటు వెలయుగాక.

పాఠభేదములు: 'ఎస్‌డీబీ1' అని కొందరందురు. అది డిస్కు కాదు, అందలి ఒక పార్టిషన్. అందులో దింపినచో బూట్ కాదు. పోయినది శ్రమ మాత్రమే. 'ఎస్‌డీఏ' అను పాఠము అట్లు కాదు. అది చాలా కంప్యూటర్లలో నాయకుని సొంత హార్డ్‌డిస్కు. "నిజమేనా?" అని డీడీ అడుగడు. అర్థ మెరుగని లేఖరివలె చెప్పినచోట చెప్పినట్లు వ్రాసిపోవును. ఒక్క అక్షరమునకు ఇంత ఫలభేదము మన ఛందస్సులో కూడ లేదు.

శంక: ఎస్‌డీబీయే పెన్‌డ్రైవని ఎట్లు తెలియును?

సమాధానము: ముందుగా ఎల్ఎస్‌బీఎల్‌కే అని కొట్టవలెను. ఎస్‌డీఏ 476.9జీ, ఎస్‌డీబీ 14.9జీ అని వచ్చును. ఆర్ఎం అను వరుసలో 1 ఉన్నది ఊడదీయదగినది. అట్టపై 16 జీబీ అని అచ్చొత్తి 14.9 చూపుట దుకాణదారుని మోసము కాదు. అట్ట వేయితో లెక్కించును, ఎల్ఎస్‌బీఎల్‌కే 1024తో. అయితే ఈ పేర్లు కెర్నెల్‌కు కనబడిన క్రమమున వచ్చునవి, రీబూట్ అయినచో మారవచ్చును. కావున నిన్నటి ఆజ్ఞను పైబాణము మీటతో రప్పించి ఎంటర్ కొట్టుట సాహసమే.

విశేషము: తక్కిన ఆజ్ఞలు చాలవరకు హైఫన్ పెట్టించుకొనగా డీడీ సమానపు గుర్తు కోరును. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల జేసీఎల్ అను ఆజ్ఞాభాష యాస అది.

మరియొక శంక: ఆజ్ఞ ఇచ్చినపిదప తెరపై ఏమియు కదలదే?

సమాధానము: డీడీ మౌని. లైనక్స్‌లో స్టేటస్=ప్రోగ్రెస్ అను పలుకు 2015లో గాని రాలేదు. అంతకుముందు వేరొక టెర్మినల్ నుండి కిల్ -యూఎస్ఆర్1 అని పొడిచి అడుగువారు. పేరు కిల్లే గాని చంపుట లేదు, ఎంత పని అయినదో చెప్పి మరల వ్రాయసాగును. మాక్ సంప్రదాయమున మాత్రము అదే పోటుకు డీడీ నిజముగానే చచ్చును.